చుక్కల పుస్తకంలో చీటీ

పోయిన మంగళవారం లక్సెట్టిపేట గ్రంథాలయంలో ఒక లావుపాటి పుస్తకం తెరిచాను. పాత కాగితం వాసనలోంచి సన్నగా కుట్టుమిషను నూనె వాసన వచ్చింది. ఇరవై రెండో పేజీ దగ్గర సగానికి చింపిన పసుపుపచ్చ చీటీ, దాని మూలన నూనె అంటిన బొటనవేలి గుర్తు. ఆ వేలు ఎవరిదో నాకు తెలుసు. ఫ్యాను గాలికి ఎగిరిపోతుందేమోనని చీటీ మీద అరచెయ్యి పెట్టాను.

పదో తరగతి తప్పి, ఊరి బయట చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో చేరినప్పుడు నన్ను ఎస్తేరక్క పక్క మిషను మీద కూర్చోబెట్టారు. అక్క నాకంటే కొన్ని నెలల ముందు చేరింది. ఆదివారం చర్చిలో పాటలు ఎత్తుకునేది ఆమే. అక్షరాలు కూడబలుక్కుని బైబిలు చదివేది, అంతకుమించి చదువు లేదు. మొదటి రోజు నేను కుట్టిన కాలర్లన్నీ వంకర. అక్క ఒక్కొక్కటీ విప్పి మళ్లీ నా ముందు పెట్టింది. "గట్ల గుంజకు పిల్లా. బట్ట దానంతట అది పోతది. నువ్వు దాని ఎంబడి పో, సాలు" అంది. తర్వాత చాలా పనుల్లో నాకు ఆ మాటే పనికొచ్చింది.

అన్నం తినే గంటలో నేను గ్రంథాలయం పుస్తకం చదువుకునేదాన్ని. ఒకరోజు గంట కొట్టగానే పేజీ మూల మడిచి లేచాను. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"గదేంది, మడిచినవ్? మడత వడ్డ బట్ట ఎన్ని ఇస్త్రీలు కొడితే పోతది?"

"గుర్తుకక్కా."

"గుర్తుకు గీ చీటీ పెట్టుకో."

బట్టల కట్ట ప్రతిదానికీ ఒక చీటీ ఉండేది. దాని మీద తేదీ, కుట్టే మనిషి నంబరు. కుట్టాక సగం చింపి సూపర్‌వైజరుకు ఇవ్వాలి, మిగతా సగం మనది. జీతం అందాక ఆ సగాలను అందరం చెత్తబుట్టలో వేసేవాళ్లం. ఆ రోజు నుంచి నా ప్రతి పుస్తకానికీ అక్క తన సగం ఇచ్చేది. పుస్తకంతోపాటు చీటీ కూడా గ్రంథాలయానికి వెళ్లిపోయేది.

ఆమె మొదటి చీటీ పెట్టింది నక్షత్రాల గురించిన ఈ పుస్తకంలోనే. నాకు కొరుకుడు పడలేదు. నెల రోజులు ఇరవై రెండో పేజీ దాటలేక తిరిగి ఇచ్చేసి, "అయిపోయిందక్కా" అన్నాను. "ఏమున్నది అండ్ల?" అని అడిగితే, చుక్కలు కూడా పుడతాయని, ముసలివవుతాయని, కొన్ని అలిగి దూరం వెళ్లిపోతాయని ఏదో అల్లి చెప్పాను. అప్పటినుంచి ఎవరు కొత్తగా చేరినా అక్క నన్ను చూపించి, "చుక్కల పుస్తకం సదివిన పిల్ల" అనేది. ఇక నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఏళ్లు గడిచాయి. నేను పని మానేసి ఇంట్లో మిషను పెట్టుకున్న మరుసటి ఏడాది ఫ్యాక్టరీకి తాళం పడింది. రిజిస్టరులో అక్క చేరి రెండేళ్లే అయినట్టు రాసి ఉంది. అయిదేళ్లు నిండకపోతే గ్రాట్యుటీ లేదు. నేను గ్రంథాలయంలో కార్మిక చట్టాల పుస్తకం చదివి, అక్కను తీసుకుని కార్మిక అధికారి ముందుకు వెళ్లి సెక్షన్లన్నీ అప్పజెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు. "చట్టం నాకూ తెల్సమ్మా. గీమె పనిజేసినట్టు కాగితమేదన్నా ఉంటే జూపియ్యి" అన్నాడు.

బయటికి వచ్చాక నా ముఖం చూసి అక్కే నవ్వింది. "నీ పుస్తకాలల్ల ఏమున్నదో నాకెర్క లేదు గని, నా చీటీలైతే ఉన్నయి గద?"

చదివిన పుస్తకాల పేర్లన్నీ గుర్తు చేసుకుని రాశాను. గ్రంథపాలకుడు ఒక్కొక్కటీ తీసి ఇస్తుంటే నేను పేజీలు తిప్పేదాన్ని, దొరికిన చీటీని అక్క ఒళ్లో చదును చేసేది. పుస్తకం వెనక అతికించిన కాగితం మీద గ్రంథాలయం ముద్ర తేదీలు, చీటీ మీది తేదీలు సరిపోయాయి.

"చుక్కల పుస్తకం రాయలేదేంది?" అని అడిగింది అక్క.

"అండ్ల చీటీ పెట్టలేదక్కా."

తెరిస్తే నేను ఇరవై రెండో పేజీ దాటలేదని బయటపడుతుంది. ఇన్ని దొరికాయి కదా, ఒక్క చీటీతో ఏమవుతుందిలే అనుకున్నాను.

చీటీలన్నీ చూపించాక కార్మిక అధికారి ఆర్డరు వచ్చింది. దొరికినవాటిలో అన్నింటికంటే పాత చీటీని బట్టి తొమ్మిదేళ్లని లెక్క కట్టారు. అక్క పదేళ్లు చేసింది. పరుగున గ్రంథాలయానికి వెళితే పుస్తకం ఎవరో తీసుకెళ్లారు, తిరిగి ఇవ్వలేదు. అక్క ఇంటికి వెళ్లి ఉన్నదంతా చెప్పి ఏడ్చాను. అక్క బియ్యం ఏరుతూనే ఉంది.

"ఎర్కే పిల్లా. నెల దినాలు చీటీ ఒక్కతాననే ఉండె. సదువు రాకుంటే కండ్లు గూడ లేవా నాకు?"

"మరి గప్పుడే ఎందుకనలే?"

"నువ్వు జెప్పిన కత మంచిగుండె." చేటలోంచి ఒక రాయి తీసి పక్కన పడేసింది. "అలిగిన చుక్క మల్ల వచ్చిందా, రాలేదా? గది జెప్పనే లేదు నువ్వు."

తొమ్మిదేళ్ల డబ్బు కూడా యజమాని ఇవ్వలేదు, పైకి అప్పీలుకు వెళ్లాడు. అక్క ఎదురుచూస్తూనే నిరుడు వానాకాలంలో కన్నుమూసింది. ఆమె కూతురు వాయిదాలకు తిరుగుతోంది, నేను తోడు వెళుతున్నాను. ఇన్నేళ్లకు ఎవరో ఆ పుస్తకాన్ని తెచ్చి బల్ల మీద పెట్టి పోయారట. చీటీ మీద అక్క నంబరు ఉంది. తేదీ, వాళ్ల లెక్కలోకి రాని ఆ మొదటి ఏడాదిది.

వచ్చే వాయిదాలో దీన్ని చూపిస్తాం. తీసుకుంటారో లేదో తెలియదు. పుస్తకం నా పేరున రాయించుకుని తెచ్చుకున్నాను. బొటనవేలి గుర్తు చెరగకుండా చీటీని పేజీల మధ్యనే ఉంచి, రోజూ కొంచెం ముందుకు జరుపుతున్నాను. నిన్నటికి నలభై ఒకటో పేజీ. అలిగిన చుక్క సంగతి ఇంకా రాలేదు.