చిమాంగోను లాగే కారు

ఆ మంగళవారం హెబెర్ లార్రోసా తన శాలలో ఉన్న పందెపు గుర్రం చిమాంగోను పశువుల సంతలో కాటా ఎక్కించి తూచాడు. నాలుగు వందల పద్దెనిమిది కిలోలు. తరువాత దాన్ని తీసుకెళ్ళే ట్రైలర్‌ను ఖాళీగా అదే కాటా మీదికి నెట్టించాడు. అయిదు వందల నలభై. రెండంకెలూ అరచేతి మీద పెన్నుతో రాసుకుని, ఊళ్ళో పాత కార్లమ్మే వాడి దగ్గరికి వెళ్ళాడు. ఆ చేతిని అతనికి చూపించి, "ఇంత బరువు లాగాలి, తక్కువ తాగాలి. ఏముంది నీ దగ్గర?" అని అడిగాడు.

అతని పాత ట్రక్కు జూలైలో పడకేసింది. గేర్‌బాక్సు పోయింది. బాగుచేయించినా దాని దాహం తీర్చే శక్తి అతనికి లేదు. పదకొండేళ్ళపాటు ఆ ఖర్చు గుర్రం యజమాని ఇన్సువా పెట్టుకున్నాడు. పోయిన ఏడాది మానుకున్నాడు. ఇప్పుడు ఫోన్ చేసి సూటిగా అడిగాడు.

"సెప్టెంబరు పందేనికి చిమాంగోను నువ్వు తెస్తావా హెబెర్, లేకపోతే ఫ్లోరిడా వాళ్ళ లారీ పంపించమంటావా?"

"నేనే తెస్తానండీ."

"ఆలోచించుకుని చెప్పు."

"చెప్పేశాను కదండీ."

దగ్గర్లోని ఫ్లోరిడా పట్నం వాళ్ళది పెద్ద గుర్రపుశాల. ఇరవై గుర్రాలు, సొంత వైద్యుడు, ఆరు గుర్రాలు పట్టే లారీ. ఆ లారీ ఎక్కిన గుర్రం పాత శాలకు తిరిగొచ్చిన సంగతి వాళ్ళ ఊరు సరందీ గ్రాండేలో ఎవరూ ఎరగరు. హెబెర్ దగ్గర ఒకప్పుడు ఆరు గుర్రాలుండేవి. ముప్పై రెండో ఏట పందెంలో పడి మోకాలు విరగ్గొట్టుకున్నాక స్వారీ మాని, గుర్రాల్ని తయారుచేసే పనిలోకి దిగాడు. వాటిలో ఒక్కొక్కటే వెళ్ళిపోయింది. అయిదు గదుల్లో ఇప్పుడు కట్టెలూ, పాత కిటికీలూ ఉన్నాయి. ఆరోదాంట్లో చిమాంగో ఉంది. మూడేళ్ళ పిల్లగా వచ్చినప్పుడు చెవుల మీద చెయ్యి వేయనిచ్చేది కాదు. ఇప్పుడు అతను గడ్డం గీసుకున్నాడో లేదో వాసన చూసి మరీ తల అప్పగిస్తుంది. చిమాంగో కూడా పోతే, అరవై ఒకటో ఏట హెబెర్‌కు పొద్దున్నే లేవడానికి కారణం లేదు. ఆ మాట అతను ఎవరితోనూ అనలేదు. అతని భార్య జుల్మాకు చెప్పనక్కర్లేదు.

అమ్మకానికి రెండు బళ్ళు తేలాయి. ఒకటి డీజిల్ స్టేషన్ వాగన్, శవపేటికలా పొడుగ్గా, బరువుగా ఉంది. రెండోది తెల్లటి చిన్న పెట్రోలు కారు. వెనక హుక్కు ముందే బిగించి ఉంది. అమ్మేవాడు లీటరుకు పదహారు కిలోమీటర్లు అన్నాడు. జుల్మా తమ్ముడు దార్దో మెకానిక్కు. నడిపి చూడ్డానికి హెబెర్ ఇంటికి తెచ్చిన ఆ కారు చుట్టూ అతను ఒకసారి తిరిగాడు.

"బావా, ఇది కారు కాదు, చెప్పుల పెట్టె. నీ గుర్రం తుమ్మితే వెనక్కి పోతుంది."

"ఆ డీజిల్ బండికి ఏడాది పన్ను కడితే, మీ అక్క నాతోపాటు ఆ గుర్రం గడ్డి తినాలి."

"ఇప్పుడు తింటున్నదేమిటనుకున్నావు?" అంది జుల్మా మాతె టీ ఆకులున్న గిన్నెలోకి వేడినీళ్ళు పోస్తూ.

"బరువైన దాన్ని లాగాలంటే బరువైనదే కావాలి బావా. ఇంజను సంగతి తరువాత."

"లాగి చూపిస్తే నమ్ముతావా?"

చూపించాడు. చిమాంగోను ట్రైలర్ ఎక్కించి, స్మశానం వెనక ఎత్తు మీదికి మూడుసార్లు తీసుకెళ్ళాడు. చిన్న కారు రెండో గేరులో ఏడుస్తూ ఎక్కింది, కానీ ఎక్కింది. దార్దో బానెట్టు ఎత్తి ముక్కు లోపల పెట్టి క్లచ్ వాసన చూశాడు. "సరే, లాగుతోంది. నాకైతే నచ్చలేదు. కానీ లాగుతోంది" అన్నాడు. ఆ సాయంత్రమే హెబెర్ కారు కొనేశాడు, పాత ట్రక్కు ఇనుపసామాను వాడికి వెళ్ళిపోయింది.

శుక్రవారం జుల్మా నీళ్ళు నింపింది.

పందెపు గుర్రానికి పొరుగూరి నీళ్ళు ఎవరూ పట్టరు. వాసన కొత్తగా ఉంటే తాగదు. తాగని గుర్రం మర్నాడు తొంభై కిలోమీటర్లు పరుగెత్తలేదు. పందెంలో ఒంటి మీద చల్లే నీళ్ళు కూడా ఇంటి నుంచే తీసుకెళ్తారు. హెబెర్ ట్రక్కు వెనకభాగంలో రెండు పెద్ద పీపాలు ఎప్పుడూ ఉండేవి. ఎన్నేళ్ళుగానో అక్కడే ఉండడం వల్ల వాటిని ఎవరూ సామాను అనుకోలేదు, అవి ట్రక్కులో భాగం. ఇప్పుడు ట్రక్కు లేదు. కార్లో పీపాలు పట్టవు. అందుకని వాటిని ట్రైలర్‌లో, గుర్రం ఛాతీకి ముందున్న ఖాళీలో పెట్టి తాళ్ళతో కట్టారు. మిగతా డబ్బాలు కారు డిక్కీలో. అన్నీ కలిపి మూడు వందల లీటర్ల పైమాటే. గుర్రాన్ని తూచారు, ట్రైలర్‌ను తూచారు. నీళ్ళను ఎవరూ తూచలేదు. దార్దో కూడా వచ్చి తాళ్ళు బిగించి, "గట్టిగానే ఉన్నాయి బావా" అన్నాడు.

శనివారం వాన. జుల్మా వానరోజుల్లో అలవాటుగా చేసే పిండిరొట్టెలు వేయించి గుడ్డలో చుట్టింది. ఒంటిగంట దాటాక బయలుదేరారు. పందెం జరిగే ఊళ్ళో క్లబ్బు ఆవరణలోకి గుర్రాలన్నీ సాయంత్రం అయిదులోగా వెళ్ళాలి. ఆ తరువాత గేటు మూస్తారు. బయట ఉండిపోయింది బయటే. దూరం డెబ్భై కిలోమీటర్లు, గంటన్నర దారి. కావలసినంత టైము ఉంది.

తారు రోడ్డు మీద కారు బాగానే నడిచింది. ముందుభాగం కొంచెం తేలికగా ఉన్నట్టు, స్టీరింగు చేతికి ఆననట్టు అనిపించింది. కొత్త బండి కదా అనుకున్నాడు హెబెర్. వంతెన దగ్గర రోడ్డు మూసేశారు. పక్కదారి మట్టిదారి. దాని చివర పెద్ద ఎత్తు ఉంది.

సగం ఎక్కాక ముందు చక్రాలు తిరుగుతున్నాయి, కారు కదలడం లేదు. వెనకభాగం కుంగి, ముక్కు ఆకాశం వైపు లేచింది. హెబెర్ వెనక్కి దించి మళ్ళీ ఎక్కించాడు. మళ్ళీ అక్కడే ఆగింది. నాలుగోసారికి కాలిన వాసన కారంతా నిండింది.

"ఏమయ్యా," అంది జుల్మా మెల్లగా. "ఆ పీపాలు."

అతను వానలో దిగి, ట్రైలర్ పక్కతలుపు తీసి, పీపాలు రెండూ కుమ్మరించాడు. ఇంటి నీళ్ళు వాననీళ్ళతో కలిసి ఎత్తు దిగువకు పోయాయి. చిమాంగో తల వంచి ఆ చప్పుడు వింది. డబ్బాలు కూడా గట్టు మీద దించేసి మళ్ళీ స్టార్టు చేశాడు. ఇంజను పెద్దగా అరిచింది. చక్రాలు ఈసారి తిరగను కూడా లేదు. క్లచ్ అయిపోయింది.

అప్పటికి మూడు. ఇంకా ఎనిమిది కిలోమీటర్లు. పాల లారీ ఒకటి వచ్చి ఆగింది గానీ అందులో గుర్రానికి చోటేదీ? దార్దోకు ఫోన్ చేశాడు.

"నేను ట్రాక్టరు అడిగి తెచ్చేసరికి ఆరవుతుంది. గుర్రం ఉందిగా బావా! ఎక్కి వెళ్ళిపో."

"రేపు పందెం ఉన్న గుర్రాన్ని ఎవడైనా ఎక్కుతాడ్రా?"

"గేటు మూస్తే పందెం ఎక్కడిది?"

హెబెర్ ఫోన్ పెట్టేశాడు. చిమాంగోను దించి, దాని వీపు మీద తన వానకోటు కప్పి, పగ్గం పట్టుకుని నడక మొదలుపెట్టాడు. జుల్మా కారు దగ్గర ఉండిపోయింది. ఆ మోకాలితో అతను ఇరవై ఏళ్ళలో అంత దూరం నడవలేదు. గుర్రం ఒకటి రెండుసార్లు అతని భుజాన్ని మూతితో నెట్టింది. దానికి ఇంకా వేగంగా పోవాలని ఉంది.

క్లబ్బు చేరేసరికి అయిదూ ఇరవై. గేటుకు గొలుసు వేసి ఉంది. లోపల గుర్రాల్ని పరీక్షించే వైద్యుడు కాగితాలు సర్దుకుంటూ హెబెర్‌ను చూసి చేతులు రెండూ పైకెత్తాడు. ఆయన చేతిలోనూ ఏమీ లేదు. రూలంటే రూలు. నిరుడు ఇదే గేటు దగ్గర ఇంకొకడు ఏడిస్తే, మూయాల్సిందేనని అరిచినవాళ్ళలో హెబెర్ కూడా ఉన్నాడు.

ఇన్సువా గొడుగు కింద నిలబడి ఉన్నాడు.

"ఎక్కి రావాల్సింది హెబెర్."

"రేపు తొంభై కిలోమీటర్లు పరుగెత్తాల్సిన గుర్రమండీ. దాని మీద నా ఎనభై ఆరు కిలోలు పెట్టమంటారా?"

"రేపు పరుగెత్తడం లేదుగా."

ఇన్సువా కోపంగా కూడా లేడు. కోపంగా ఉంటే తిట్లు పడి, మళ్ళీ సర్దుకునే వీలుండేది. అతను రోడ్డుకవతల ఆగి ఉన్న ఫ్లోరిడా లారీ వైపు చెయ్యి ఊపాడు. లారీ మనిషి వచ్చి పగ్గం కోసం చెయ్యి చాచాడు.

"చెవులు ముట్టుకునే ముందు మెడ నిమరాలి," అన్నాడు హెబెర్.

"అలాగే పెద్దాయనా."

"ఇంటి నీళ్ళే తాగుతుంది. ఓ డబ్బా పంపిస్తాను, మీ నీళ్ళలో కొంచెం కొంచెం కలుపుతూ…"

"దాహమైతే అదే తాగుతుందిలే."

చిమాంగో లారీ వెనక వాల్చిన చెక్కపలక మీద కాలు పెట్టి ఒకసారి ఆగింది. లారీ మనిషి నాలుక చప్పుడు చేశాడు. అది ఎక్కేసింది. హెబెర్ వానకోటు దాని వీపు మీదే ఉండిపోయింది.

దార్దో వారంలో క్లచ్ మార్చాడు. ట్రైలర్ ఇంటి వెనక గడ్డిలో ఉంది. జుల్మా దాన్ని అమ్మమని అనలేదు, ఉంచమనీ అనలేదు. హెబెర్ ఇప్పుడు ఆ తెల్లకారులో పొద్దున్నే పాడిశాలకు వెళ్తాడు, పాలపీపాలు కడుగుతాడు. ఆ సమయానికి లేవాల్సి వస్తోంది కాబట్టి లేస్తున్నాడు.

అక్టోబరు చివర ఆదివారం ఇంకో ఊళ్ళో పందెం. ఎప్పటిలాగే రేడియోలో మొదటి కిలోమీటరు నుంచీ చెప్పారు. జుల్మా రేడియో కట్టేయబోతే హెబెర్ వద్దన్నాడు. ఇద్దరూ వంటింట్లో కూర్చుని మధ్యాహ్నం దాకా విన్నారు. చిమాంగో, ఫ్లోరిడా శాల రంగుల్లో, రెండో స్థానంలో వచ్చింది. సగటు వేగం గంటకు ముప్పై మూడు కిలోమీటర్లు.