గట్టు మీద నుంచి పంపిన లొకేషన్

మా ఆయన హెలికాప్టర్ పైలట్. రేవు పక్కనున్న హెలిప్యాడ్ నుంచి సముద్రంలో లంగరు వేసిన ఓడల దగ్గరికి మనుషుల్నీ సామాన్నీ చేరవేసే ఒక ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం. పెళ్లయిన కొత్తలో ఆయన పనిలో నాకు తెలిసిందల్లా ఆయన సంచి ఒక్కటే. నల్ల తోలు సంచి. దాని నిండా మ్యాపులు, లావుపాటి పుస్తకాలు. ఆ పుస్తకాలకి అప్పుడప్పుడూ కవర్లో కొత్త పేజీలు వచ్చేవి. పాత పేజీ తీసేసి అదే నంబరున్న కొత్త పేజీ పెట్టాలి. ఆ పని నాది. నేను బడికి పోలేదు. మా అమ్మ ఇంట్లోనే కూర్చోబెట్టి కీర్తనలు చదివిస్తా అక్షరాలు నేర్పింది. ఇంగ్లీషు మాత్రం నాకు ఆ పేజీలే నేర్పాయి. ఏ కొండ ఎంత ఎత్తు, ఏ రేవు దగ్గర ఏ టవరుంది, అన్నీ కూడబలుక్కుంటూ చదివేదాన్ని.

"ఒక్క పేజీ తప్పు పెట్టినావంటే నేను పోయి కొండకి తగులుకుంటా" అని నవ్వేవాడు మా ఆయన. నాకు నవ్వొచ్చేది కాదు. పేజీ పేజీకీ లోపల్లోపల ప్రార్థన చేసుకునేదాన్ని.

తర్వాత కంపెనీవాళ్లు ట్యాబు ఇచ్చారు. హెలికాప్టర్ నడిపే పైలట్లిద్దరికీ చెరొకటి. తొడకి పట్టీతో కట్టుకుంటారు. మ్యాపులు, పుస్తకాలు, వాతావరణం, బరువుల లెక్క, అన్నీ అందులోనే. కొత్త పేజీలు వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. హెలికాప్టర్ ఎక్కడ ఉందో మ్యాపు మీద చిన్న బొమ్మ కదులుతూ చూపిస్తుంది. సంచి అటక మీదికి పోయింది. ఏళ్ల తరబడి ఆ బరువు మోసి పట్టేసిన ఆయన కుడి భుజం నెమ్మదించింది. అందుకు దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను, ఇప్పటికీ చెప్పుకుంటాను.

ఒక్కటి మాత్రం గమనించాను. సంచి ఉన్న రోజుల్లో, వరదలప్పుడు ఎవరైనా ఫలానా ఊరికి రావాలయ్యా అంటే, ఆయన వాళ్లని ఫోన్లో కాల్చుకు తినేవాడు. ఊరికి తూర్పున ఏముంది? కరెంటు తీగలు ఎటునుంచి ఎటు పోతాయి? గుడి దగ్గరా, చర్చి దగ్గరా? అవతలివాళ్లకి విసుగొచ్చినా వదిలేవాడు కాదు. ట్యాబు వచ్చాక ఒకే మాట.

"లొకేషన్ పెట్టమను."

ఇక ఆ తుపాను సంగతి. మా అక్కావాళ్ల ఊరు బోగోలు మండలంలో, ఉప్పుటేరుకీ సముద్రానికీ మధ్య ఉంటుంది. డ్యూటీల వల్ల మా ఆయన ఎప్పుడూ అక్కడికి పోలేదు. మా బావకి కిడ్నీలు పాడైనాయి. వారానికి రెండు సార్లు నెల్లూరు తీసుకొచ్చి డయాలసిస్ చేయించాలి. తుపాను వెళ్లిపోయింది గానీ ఏరు పొంగి రోడ్డు తెగిపోయింది. పడవ వేయడానికి కూడా వడి తగ్గలేదు. బావకి ఒక డయాలసిస్ తప్పిపోయింది. రెండోది కూడా తప్పిపోయే రోజు వచ్చింది. ఒంట్లో నీరు నిలిచిపోయి ఊపిరి ఆడక, వెల్లకిలా పడుకోలేక, గోడకి ఆనుకుని కూర్చునే ఉన్నాడంట. ఇంకొక్క రోజు గడిస్తే కష్టమని ఆసుపత్రివాళ్లు ఫోన్లోనే చెప్పేశారు.

అధికారులు కంపెనీని అడిగారు, కంపెనీ మా ఆయన్ని పంపింది. బయల్దేరబోతూ నాకు ఫోన్ చేసి ఆ మాటే అన్నాడు, "మీ అక్కని లొకేషన్ పెట్టమను."

అక్కకి ఫోన్ తగల్లేదు, మెసేజ్ పెట్టాను. కాసేపటికి లొకేషన్ వచ్చింది. అది ఆయనకి పంపాను. వంటింట్లో మోకరించాను. దేవా, ఈ యంత్రాన్ని నువ్వే నడిపించు అనుకున్నాను. అనుమానం అనేదే రాలేదు నాకు. ఎందుకొస్తుంది?

గంట దాటాక ఆయన ఫోన్. వెనక హెలికాప్టర్ ఫ్యాను ఇంకా తిరుగుతున్న చప్పుడు.

"అక్కడ ఎవరూ లేరు."

"ఎవరూ లేకపోవడమేందండీ?"

"లేరు. రొయ్యల గుంటలు, ఒక మోటారు షెడ్డు. చుట్టూ తీగలు. దిగే చోటు కూడా లేదు. ఐదారు చుట్లు తిరిగినా. ఫ్యూయల్ చాలక వచ్చేసినా."

"లొకేషన్ చూసుకున్నారా?"

"సరిగ్గా దాని నెత్తినే తిరిగినా."

ఆ ఫోన్ పెట్టీ పెట్టకముందే అక్క ఫోన్. అరుపు.

"ఏందిమే మీ ఆయన చేసిన పని! మా మిద్దె మీదనుంచే పోయినాడు గదా! నేనూ మా అత్తా మిద్దెక్కి ఎర్ర చీర ఊపతా ఉంటే, చూసి కూడా ఆగకుండా పోయినాడు. ఈయనేమో చప్పుడు విని చొక్కా తొడగమన్నాడు, తొడిగినా. ఇప్పుడేం చెప్పేది ఆ మనిషికి?"

అక్క మాట ఇంత స్పష్టంగా వినిపిస్తోందే అనిపించింది. రెండు రోజులుగా అక్క పంపే మెసేజ్‌లే తప్ప ఆ ఊరికి ఫోనే తగలడం లేదు.

"అక్కా, నువ్విప్పుడు యాడుండావు?"

"యాడుంటా? గుంటల గట్టు మీద. ఇంటికాడ సిగ్నల్ లేదని చెప్తినే. సిగ్నలైనా జనరేటరైనా ఈడ షెడ్డులోనే. నడుముల్లోతు నీళ్లలో పడి వచ్చినా మీ ఆయన్ని అడగడానికి."

"లొకేషన్ పంపింది...?"

"ఈడినుంచే. పంపి ఇంటికి పోయినా, ఈయన పక్కన ఉండాలి గదా, హెలికాప్టర్ వచ్చేసరికి."

షెడ్డు రేకుల మీద వాన పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడు మధ్యలోనే అక్కకి అర్థమైంది. నేను చెప్పలేదు, ఒట్టు.

"ఇంటికీ ఈడికీ మైలు పైనే ఉంటుంది మే" అంది. గొంతు చిన్నదైపోయింది. "నేను నిలబడిన చోటు పొయ్యిందా ఆయనకి?"

"అక్కా, ఇప్పుడవన్నీ వద్దు."

"నిలబడిన చోటే పొయ్యింది."

సిగ్నల్ కోసం ఎక్కడికో వెళ్లి, అక్కడినుంచి లొకేషన్ పంపడం మా వైపు ఎవరైనా చేసేదే. మాకు ఫోనంటే ముందు సిగ్నల్. సిగ్నల్ ఎక్కడుంటే అక్కడికి పోతాం, గట్టెక్కుతాం, నీళ్ల ట్యాంకు మెట్లెక్కుతాం. పని అయినాక ఇంటికొస్తాం. నేనైనా అదే చేసి ఉందును.

మా ఆయనకి చెప్పాను. ఆయన ఇట్లా అన్నాడు: "ఆ ఫోన్లో చోటు తెలియడానికి సిగ్నల్ అక్కర్లేదు. ఇంటికి పోయి, మిద్దె మీద నిలబడి, మ్యాపు తెరిచి నీలం చుక్క మీద వేలు అదిమిపట్టమను. నంబర్లు వస్తాయి. రాసుకుని గట్టుకొచ్చి నీకు చదవమను. నువ్వు రాసుకుని మళ్లీ తిరిగి చదువు. ఒక్క అంకె తేడా వచ్చినా నేను సముద్రంలో తేలతా."

అక్క మళ్లీ ఆ నీళ్లలో పడి ఇంటికి పోయింది. కాగితం తడిసిపోతుందని మోచేతి మీద బాల్ పెన్నుతో రాసుకుని మళ్లీ గట్టుకొచ్చింది. ఒక్కొక్క అంకే చదివింది. నేను ఒక్కొక్కటీ తిరిగి చదివాను. పాత పేజీ తీసి కొత్త పేజీ పెట్టినప్పటిలాగే ప్రతి అంకె మీదా వేలు పెట్టి చూసుకున్నాను.

"అదేనా?" అన్నాను.

"అదే. నా చెయ్యి మీద అట్టనే ఉండాది."

"ఇంకొకసారి చదువక్కా."

"చదివితే చీకటి పడుతుంది మే, ఆ నీళ్లలో పోవాల నేను" అని, అయినా చదివింది.

చీకటి పడనే పడింది. ఆ చీకట్లో తీగల మధ్య దిగనివ్వరు. తెల్లవారి మబ్బు కాస్త పైకి లేచేదాకా ఆగాల్సి వచ్చింది. ఆ రాత్రి గురించి నేను రాయను. బావ ప్రతి ఊపిరికీ అక్క వంద సార్లు చచ్చి ఉంటుంది.

పొద్దున ఆ అంకెలు సరిగ్గా పనిచేశాయి. వాన జల్లులో ఎదురుగా మసకగానే ఉన్నా ట్యాబు ఆయన్ని సరిగ్గా మిద్దె మీదికి తీసుకుపోయింది. ఊరి పక్కన చేపలు ఎండబెట్టే గచ్చు మీద దిగాడు. బావనీ, అక్కనీ, బావ వాళ్లమ్మనీ ఎక్కించుకుని నెల్లూరుకు చేర్చాడు.

నేను ఆసుపత్రికి వెళ్లేసరికి బావని మిషను దగ్గరికి తీసుకుపోయారు. బయట బల్ల మీద అక్కా, వాళ్ల అత్తా. పెద్దామెకి డెబ్బై దాటాయి. కాళ్లకి చెప్పులు లేవు. అక్క చీర కుచ్చిళ్లకి బురద ఎండిపోయి ఉంది. మోచేతి మీద అంకెలు సగం చెరిగి ఉన్నాయి. డాక్టరు వచ్చి ఒకే మాట చెప్పి పోయాడు: "గుండె బాగా అలిసిపోయింది. నిన్ననే తెచ్చి ఉంటే వేరు. చూద్దాం."

మధ్యాహ్నానికి మా ఆయన యూనిఫారంతోనే వచ్చాడు. చంకలో ఆ ట్యాబు ఉంది. పెద్దామె ఆయన్ని చూడగానే లేచి నిలబడింది.

"నాయనా, ఒక్క మాటడుగుతా. నిన్న మా మిద్దె మీదనుంచి పోతా మమ్మల్ని చూసినావా లేదా?"

వాన పడతా ఉండింది, కనబడలేదు అని ఒక్క మాట అంటే అయిపోతుంది. అనాలని నేను కోరుకున్నాను కూడా. అబద్ధమాడకూడదని మా అమ్మ అక్షరాలకంటే ముందు నేర్పింది నాకు.

"చూసినాను పెద్దమ్మా" అన్నాడు.

"ఎర్ర చీర?"

"ఎర్ర చీర. మీరు ఇద్దరు. దారి పొడుగునా అన్ని ఊళ్లలోనూ జనం మిద్దెలెక్కి చేతులూపతానే ఉన్నారు. మీరూ అట్టాగే అనుకున్నా. కిందికి చూసినా, ట్యాబు చూసినా. ఇంకా ముందుకి పొమ్మంది. పోయినా."

"మనుషులు పిలస్తా ఉంటే ఆ పలక మాట విన్నావన్న మాట."

ఆయన తల వంచుకున్నాడు.

"అత్తా" అంది అక్క. "ఆ పలకకి తప్పు చోటు పంపింది నేను. గట్టు మీదనుంచి. ఆయన్ననద్దు."

పెద్దామె అక్క వైపు తిరిగింది. ఆమెకి ఈ సంగతి తెలియదని నాకు అప్పుడు అర్థమైంది. అక్క ఆ రాత్రంతా దాన్ని మింగి కూర్చుంది.

"నువ్వా?"

"నేనే. తెలీక."

"వదినా, మీరు ఎక్కడినుంచి పంపినారో నేనడగాల" అన్నాడు మా ఆయన. "పాత రోజుల్లో అయితే అడిగేవాణ్ణి. ఇంటి పక్కన ఏముంది అని ఒక్క మాటడిగి ఉంటే చర్చి ఉందని చెప్పేవాళ్లు. ఆ చోట చర్చి లేదని నాకు తెలిసిపోయేది."

"అడిగినా అడగకపోయినా, పంపింది నేను గదా."

"చాల్లేవయ్యా!" పెద్దామె అరిచింది. వరండాలో జనం తిరిగి చూశారు. "చాల్లేమ్మా నువ్వు కూడా. మీ తప్పులు మీరిద్దరూ తర్వాత కూర్చుని పంచుకోండి. ముందు నా కొడుకుని బయటికి రానీండి." అని బల్ల మీద కూలబడింది. కాసేపటికి అక్క చెయ్యి పట్టి లాక్కుని, కొంగు ఉమ్ముతో తడిపి, ఆ మోచేతి మీది అంకెలు తుడవడం మొదలుపెట్టింది. అవి ఒక పట్టాన పోలేదు. అక్క చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

బావ బతికాడు. సాయంత్రం నర్సు మమ్మల్ని లోపలికి రానిచ్చినప్పుడు వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నాడు. అక్క మంచం కాళ్ల దగ్గర నిలబడి, ఆ ఛాతీ లేచి పడడం చూస్తా ఉండిపోయింది. దేవునికి స్తోత్రం. ఆ మాట నేను ఆ రోజు ఎన్నిసార్లు అనుకున్నానో. అయితే గుండె ఇదివరకటిలా లేదు. పది అడుగులు నడిస్తే కూర్చోవాల్సిందే. ఆ ఒక్క రాత్రి వల్లే అని డాక్టర్లు గట్టిగా చెప్పరు, కాదనీ చెప్పరు. అక్క మాత్రం బావ కూర్చున్న ప్రతిసారీ మొహం పక్కకి తిప్పుకుంటుంది.

ఆ రోజు కార్లో ఇంటికి బయల్దేరాం. పెన్న వంతెన దాటాక మా ఆయన అన్నాడు:

"ఇక మీద అడుగుతా. మనిషి ఎక్కడ, మీరెక్కడ, రెండూ అడుగుతా."

"మంచిదండీ."

"అది కాదు నా బాధ. నిన్న ఇంకో పదిళ్ల మీదైనా జనం చేతులూపినారు. మీ అక్కావాళ్ల సంగతి తెలిసింది. మిగతావాళ్లు ఎందుకూపినారో తెలీదు. ఊరికే ఊపినారా, వాళ్ల ఇంట్లో కూడా ఎవరైనా మీ బావలాగా ఊపిరాడక కూర్చుని ఉన్నారా?"

"ఎట్టా తెలుస్తుంది?"

"తెలీదు. అందరి దగ్గరా దిగలేను. దిగితే ఫ్యూయల్ చాలదు, వెళ్లాల్సిన చోటికి వెళ్లలేను."

ఆయన భుజం మీద చెయ్యి వేశాను. మా బావ కోసం స్తోత్రం చెప్పుకోబోయి, ఆ పదిళ్లూ గుర్తొచ్చి, ప్రార్థన మధ్యలోనే ఆగిపోయాను. ఆయన బండి నడుపుతూనే ఉన్నాడు. రోడ్డుకి రెండు పక్కలా వరి మడులన్నీ నీళ్ల కిందే ఉన్నాయి.