మామ పెట్టించిన చలివేంద్రం

యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఒక వేసవికి, పట్నంలో కాలేజీ మూసేస్తే, అత్వెల్లి దగ్గర మా మేనమామ ఇంటికి వెళ్లాను. మామ భూస్వామి, చుట్టుపక్కల అందరికీ దొర. దానధర్మాలంటే నిజంగానే మక్కువ. గుడికి గంట ఇచ్చాడు, బడికి దూలాలు ఇచ్చాడు. ఆ దూలాలు మోసినవాళ్లకు మాత్రం ఏమీ ఇవ్వలేదు. దాన్ని వెట్టి అంటారు. అది దానం కిందికి రాదు.

ఆ ఏడు ఆయన కూతురు కాన్పుకు వచ్చింది. అంతకుముందు ఇద్దరు పుట్టి పోయారు. మామకు అన్నం సయించడం లేదు. దప్పిక తీరినవాళ్ల దీవెన తప్పకుండా తగులుతుందని ఎవరో చెప్పారు. వెంటనే మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే బాట మీద పందిరి వేయించి, ఒక పక్క తడక కట్టించి, కొత్త కుండలు పెట్టించి, నీళ్లు పోయడానికి ఒక అవ్వను కూర్చోబెట్టాడు. దీవెనలు స్వయంగా అందుకుందామని తానూ వచ్చి, తలపాగాతో, చేతికర్రతో పందిరి ముందు నిలబడ్డాడు.

పొద్దు నడినెత్తికి వచ్చింది. ఒక్కరూ రాలేదు.

"ఏందిరా, ఈ బాటల మనుషులకు దూప గాదా?" అన్నాడు.

నేను కొంత దూరం పోయి చూశాను. ఒక బండివాడు ఎడ్లను బాట దింపి దుక్కిలోంచి తోలుకుపోతున్నాడు. పెదాలు పగిలి ఉన్నాయి.

"అక్కడ నీళ్లున్నయి గద, తాగి పోరాదు?"

"దొర నిలవడ్డడు గద చిన్నదొరా. కట్టె వట్టుకొని మరీ నిలవడ్డడు. ఎవర్నో ఎట్టికి పడుతడు."

"ఎట్టికి గాదు. పున్నెం కోసం."

అతను కాసేపు ఆలోచించాడు. "గట్లనా. అయితే ఇంకింత దూరంకెళ్లి పోత," అని ఎడ్లను అదిలించాడు.

ఈ సంగతి మామకు ఎలా చెప్పాలో మా కాలేజీలో నేర్పలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన చేతిలోని కర్రను కొత్తగా చూసినట్టు చూశాడు.

"ఇస్తనన్నా గూడ భయమేనా?"

అవ్వ కుండ మీద తడిగుడ్డ సవరిస్తూ, "జర తడక ఎనక గూసో దొరా. దగ్గు మాత్రం దగ్గకు," అంది.

మామ బుద్ధిగా కూర్చున్నాడు. తన పందిట్లో తానే దాక్కున్న దాతను నేను అంతకుముందు చూడలేదు.

కాసేపటికి ఒకామె వచ్చింది. మేడ్చల్‌లో ప్రార్థనకు పోయి వస్తోంది. చంకలో గుడ్డ చుట్టిన బైబిలు. అవ్వ ఆమె దోసిట్లోకి వెదురు గొట్టంతో నీళ్లు పోసింది. ఎవరికి ముంత, ఎవరికి గొట్టం అన్నది మామ ముందే చెప్పి ఉంచాడు. ధర్మం ధర్మమే, పద్ధతి పద్ధతే. ఆమె తనివితీరా తాగి, "నీ కడుపు సల్లగుండ అవ్వా," అంది.

తడక వెనక చిన్న కదలిక. దీవెన నీళ్లు పోసినామెకు పోయింది, పెట్టించినాయనకు అందలేదు.

"నాకెందుకు బిడ్డా, నాకెవరున్నరు? గీ నీళ్లు దొర పెట్టించిండు. ఆయన బిడ్డకు నెలలు నిండినయి. ఇంతకుముందు పుట్టినోళ్లు దక్కలే. గా బిడ్డ కోసం ఒక్క మాటను."

ఆమె మూతి తుడుచుకుంది.

"మా ఇంటాయనను బడి దూలాలు మొయ్యనీకి పట్టుకపోయిండ్రు. జొరమన్నా ఇనలే. ఇప్పటికీ భుజం లేస్తలేదు."

అవ్వ తడక వైపు చూడకుండా కుండ మీద గుడ్డ సవరించింది.

"బిడ్డేం జేసింది పాపం," అంది ఆమె చివరికి. "సులువుగ కాన్పు కావాలె. తల్లీ పిల్లా బతకాలె. ప్రార్థనల గూడ అడుగుత. దొర కోసం గాదు, సెప్తున్న."

ఆమె వెళ్లిన చాలాసేపటికి మామ బయటికి వచ్చాడు. మరిచిపోయిన కర్రను నేను తెచ్చిస్తే వద్దన్నాడు. ఆ సాయంత్రం, పనికి మనుషుల్ని పట్టుకొచ్చే పెద్ద జీతగాణ్ణి పిలిచి, "బిడ్డ కాన్పయ్యేదాక గా బాట మీద ఎవ్వర్నీ ఎట్టికి పట్టకు," అన్నాడు. మామ ఇచ్చినవాటిలో పేరు చెక్కించడానికి వీల్లేనిది ఇదొక్కటే.

జనం మెల్లగా వచ్చారు. ఎండలు తగ్గకముందే ఆడపిల్ల పుట్టింది. ఇల్లు అదిరేలా ఏడ్చింది.

గడువు తీరింది. జీతగాడు వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. మామ మనవరాలి వేళ్లు చూసుకుంటూ ఉండిపోయాడు, ఏమీ చెప్పలేదు. అతను అడగలేదు, నేను గుర్తుచేయలేదు. ఆ బాట మీద వెట్టి అలా ఆగిపోయింది. మిగతా బాటల సంగతి కూడా నాకు తెలుసు. అందుకే ఈ ఒక్కదాని గురించే చెబుతున్నాను.