నాన్న చొక్కా, అమ్మ బేసిన్

సారపాక సంతలో పాత బట్టల కుప్ప కనబడితే నా కాళ్లు అక్కడే ఆగిపోతాయి. ముందు కాలరు లోపలివైపు చూస్తాను. తర్వాత చంక కింద కుట్టు లాగి చూస్తాను. ఆ రెండూ గట్టిగా ఉంటే మిగతాది సబ్బు చూసుకుంటుంది. నాన్నకు మాత్రం ఇది ఒళ్లుమంట. పుట్టింటికి తల్లాడ వెళ్లినప్పుడల్లా, "ఎవడో ఇడిసిన బట్ట మనకెందుకే?" అని మొదలుపెడతాడు.

అలాంటి నాన్న ఈ వేసవిలో అసలు చొక్కా వేసుకోవడమే మానేశాడు. ఆయనకు ప్రాణమైన బిస్కెట్ రంగు చొక్కాను అమ్మ పాత బట్టలు తీసుకునే స్టీలు సామాన్ల ఆమెకిచ్చి బేసిన్ తీసుకుంది. "పొరపాటున పాత బట్టల మూటల కలిసిపోయిందయ్యా" అంది. నాన్న నమ్మాడు. కానీ అది దొరికేదాకా ఇంకో చొక్కా తొడగనని బనీనుతో కూర్చున్నాడు. వచ్చే వారమే ఆయన చెల్లెలి కూతురి పెళ్లి. పెళ్లికూతుర్ని బుట్టలో మోసుకురావాల్సిన మేనమామ ఈయనొక్కడే.

"బనీన్ మీదనే మోస్త. వద్దంటే ఇంట్లనే ఉంట" అన్నాడు. మేనత్త ఫోన్‌లో ఏడ్చింది.

ఖమ్మం వైపు మూటలన్నీ సారపాక సంతకే వస్తాయని తెలుసు కనుక ప్రతి కుప్పా తిరగేశాను. దొరికింది! జేబు మీద నాన్న పెన్ను కక్కిన నీలి మరకతో సహా.

"మరకున్నదమ్మా, వేరేది తీస్కో" అన్నాడు కుప్పాయన.

"నాకు ఆ మరకే గావాలె" అన్నాను. నన్నొకసారి ఎగాదిగా చూసి కట్టిచ్చాడు.

మర్నాడు తల్లాడ వెళ్లి నాన్న చేతిలో పెట్టాను. తిప్పి చూసి, చంక కింద వేలు పెట్టి, దూరంగా జరిపాడు.

"నాది ఇక్కడ చినిగి ఉండె. ఎవడో కుట్టుకొని తొడిగిండు. ఇడిసిన బట్ట నేను తొడగ."

ఆయన చొక్కా ఆయనకే సెకండ్ హ్యాండ్ అయి కూర్చుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అమ్మ వంటింట్లోంచి పసుపు తెచ్చి కాలరు లోపల బొట్టు పెట్టింది.

"పసుపు పెట్టిన. ఇగ కొత్తదే."

కొత్త బట్టకే కదా పసుపు పెడతారు! నాన్న ఆ బొట్టును వేలితో తడిమి చూసి తొడుక్కున్నాడు.

పెళ్లిలో "మళ్ల గదే చొక్కనా బావా?" అన్నవాళ్లందరికీ కాలరు తిప్పి పసుపు చూపించాడు. బుట్ట ఎత్తినప్పుడు మాత్రం నేను పెళ్లికూతుర్ని చూడలేదు, ఆ చంకనే చూశాను. కుట్టు ఊడలేదు.

భోజనాల దగ్గర నాన్న చెయ్యెత్తి ఆ కుట్టు తడుముకున్నాడు. "ఎవడు కుట్టిండో గానీ పనిమంతుడే! నువ్వున్నవ్, ఒక్కనాడన్న గిట్ల కుట్టినవా?" అన్నాడు అమ్మతో.

అమ్మ చేతిలో ముద్ద విస్తట్లో పెట్టేసింది.

"నేనే కుట్టిన. చినిగినదైతే చిన్న గిన్నెనే ఇస్తనన్నది స్టీలు సామాన్ల ఆమె."