మోతుబరి మొలలో తాళంచెవి

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తల్లో ఉదయగిరిలో సొంత కారున్న మోతుబరి ఒకాయన ఉండేవాడు. మద్రాసులో ఎవరో వాడి వదిలించుకున్న కారు అది. ఆయనకు నడపడం రాదు. నేర్చుకోవడం తన అంతస్తుకు తక్కువ అనుకునేవాడు. అందుకని డ్రైవరును పెట్టుకున్నాడు. పెట్టుకున్నాడే గాని నమ్మలేదు. దిగిన ప్రతిచోటా చెయ్యి చాచి తాళంచెవి తీసుకుని, మొలలో ముక్కుపొడి డబ్బా పక్కన దోపుకునేవాడు. డ్రైవరు చాటుగా కారును బాడుగకు తిప్పుతాడని ఆయన భయం. ఆ ఊళ్ళో కారు బాడుగకు అడిగే నాథుడెవరో నాకిప్పటికీ తెలియదు.

నేనప్పుడు ఒక దినపత్రికకు విలేకరిని. ఆత్మకూరులో ఏదో పఠనాలయం తెరుస్తుంటే ఆయన్ను అధ్యక్షుడిగా పిలిచారు. పుస్తకం ముట్టిన పాపాన పోని మనిషిని అలాంటి సభకు పిలవడం ఆ రోజుల్లో వింత కాదు. కారులో నన్నూ రమ్మన్నాడు. వార్తలో తన పేరు మొదటి పంక్తిలో రావాలని ఆయన ఆశ. బస్సులో ఒళ్ళు హూనం కాకూడదని నా ఆశ.

పొద్దున తొమ్మిదింటికి బజారులో కారెక్కాం. తాళంచెవి లోపలికి పోయింది గాని తిరగలేదు. డ్రైవరు తీసి, చొక్కాకు తుడిచి, మళ్ళీ పెట్టాడు. ఊహూఁ.

"ఏందిరా?" అన్నాడు మోతుబరి వెనక సీటులోంచి.

"తిరగడంలేదయ్యా."

"నిన్న తిరిగింది గదా. ఏం చేసినావు దాన్ని?"

"నిన్నటి నుంచీ నా చేతిలో యాడుండాదయ్యా? మీ కాడే ఉండాది."

నలుగురిలో అనకూడని నిజం అది. అప్పటికే జనం మూగారు. మోతుబరి కారు చెడితే సలహా చెప్పే అవకాశం రోజూ రాదు మరి. కారు ముందు హేండిలు దూర్చి ఇంజను తిప్పమన్నాడొక కాంట్రాక్టరు. స్విచ్చి పడకుండా హేండిలు ఎంత తిప్పినా ఇంజను పలకదని డ్రైవరు చెప్తూనే ఉన్నాడు. ఇద్దరు పెద్దమనుషులు వినకుండా చెమటలు కక్కుతూ తిప్పారు. ఇంకొకాయన అంగట్లోంచి ఆముదం గిన్నె తెచ్చి తాళంలో పోయబోయాడు. "దుమ్ము జిగురై కూర్చుంటాది, వద్దన్నా!" అని డ్రైవరు అరచెయ్యి అడ్డం పెట్టాడు.

చివరికి అతనే అన్నాడు. "అయ్యా, సభకు టైమవతా ఉండాది. కింద తీగెలు రెండు కలిపితే ఇంజను అందుకుంటాది. బీగంచెవి సంగతి ఆత్మకూరులో చూసుకుందాం."

మోతుబరి ముఖం వెలిగింది. కారు కదులుతుందన్న సంతోషం కాదది, దొంగ దొరికాడన్న సంతోషం.

"విన్నారా! బీగంచెవి లేకుండా తోలను నేర్చినాడు. ఎన్నాళ్ళ నుంచి తిప్పతా ఉండావురా నా కారు?"

"ఏ డ్రైవరుకైనా తెలుస్తాదయ్యా అది."

"తీగెల మీద చెయ్యి పడిందంటే పని ఊడినట్టే. చెవి తిరిగేట్టు చేయించు, ఉంటావు. లేదా దిగి పో."

డ్రైవరుకు భార్య, ఇద్దరు పసిబిడ్డలు. బండి తోలడం తప్ప ఇంకో పని రాదు. నేనొక మాట అడ్డం వేయవచ్చు. వేయలేదు. కారులో నా చోటు నాకు ముఖ్యమైంది.

వీధి చివర చెక్క గరిటెలు చెక్కే ముసలాయన దగ్గరికి డ్రైవరు తాళంచెవి తీసుకుపోయాడు. దాంతో పారిపోకుండా మోతుబరి నన్ను కాపలా పంపాడు. తిరగని తాళంచెవితో మనిషి ఎక్కడికి పారిపోతాడు!

గరిటె కాడలో వెంట్రుకవాసి వంకరను పసిగట్టే కళ్ళు ముసలాయనవి. తాళంచెవిని వెలుతురుకెత్తి పట్టుకుని ఒక కన్ను మూశాడు.

"దీంతో ఏదో మూత తెరిచినారు. మొన వంగింది చూడు."

ఇనుప దిమ్మె మీద పెట్టి కొయ్యసుత్తితో నెమ్మదిగా కొట్టాడు. ఇనుపసుత్తి అయితే ఇత్తడి పళ్ళు చెడతాయట. సన్నటి పుల్లొకటి చెక్కుకుని మాతోనే వచ్చాడు. కారులోకి వంగి, తాళం రంధ్రం పుల్లతో గెలికి, గట్టిగా ఊదాడు. గోధుమరంగు పొడి లేచి ఆయన ముఖానికే కొట్టింది. వరసగా ఐదు తుమ్ములు.

"బయల్దేరబోతుంటే తుమ్ముతావేంది, అపశకునం!" అని మోతుబరి కసిరాడు.

"నేను తుమ్మలేదు నాయనా, నీ ముక్కుపొడి తుమ్మించింది. డబ్బా మూత బీగంచెవితో తెరిస్తే ఇంతే."

బజారంతా నవ్వింది. డ్రైవరు నవ్వలేదు. కూర్చుని తాళంచెవి తిప్పాడు. తిరిగింది, ఇంజను అందుకుంది. ఇతని పని ఊడకుండా నిలబడిందనుకున్నాను. అంత నవ్వు మింగి ఊరుకునే గొప్పతనం మోతుబరిలో ఉంటుందని ఎలా అనుకున్నానో.

"తీగెలతో తోలేవాడు నాకొద్దు. ఆత్మకూరు దాకా తోలి, ఆడ దిగి పో."

డ్రైవరు ఇంజను ఆపాడు. తాళంచెవి తీసి ఆయన ఒళ్ళో పెట్టాడు.

"ఇప్పుడు బాగా తిరగతాదయ్యా. మీరే తిప్పుకోండి." వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

కారుంది, తాళంచెవి ఉంది, తోలేవాడు ఆ బజారులో ఇంకొకడు లేడు. ఇద్దరం బస్సెక్కాం. ముందు సీటు ఆయనకు ఖాళీ చేయించారు. దారి పొడుగునా బస్సు డ్రైవరుకు పనివాళ్ళ ద్రోహం మీద ఉపన్యాసమిచ్చాడు.

"నమ్మకస్తుడెవడన్నా ఉంటే చెప్పబ్బా."

"పాతోడిని ఎందుకు తీసేసినారయ్యా?"

"బీగంచెవి లేకుండా కారు తోలను తెలుసు వాడికి."

బస్సు డ్రైవరు గేరు మార్చాడు. "నాకూ తెలుసయ్యా," అన్నాడు. "వాణ్ణి మా ఓనరు కాడికి పంపండి. అట్టాంటోడే కావాల మాకు."

మోతుబరి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆ కబురు డ్రైవరుకు నేనే చేరవేశాను. పత్రికకు మాత్రం అధ్యక్షులవారు సకాలంలో విచ్చేశారని రాసి పంపాను.