నీళ్ళు తాగని గొంతు

కండక్టరుగా చేరిన పద్నాలుగో ఏట నా గొంతు మొరాయించింది. ఒక వారం బందరు నుంచి పామర్రు మీదుగా గుడివాడ, ఇంకో వారం దివిసీమలో కోడూరు, ఇదీ నా డ్యూటీ. ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చాక బస్సులో కాలు పెట్టే సందు ఉండటం లేదు. వెనక నిలబడ్డవాళ్ళకు స్టాపు పేరు వినపడాలంటే గట్టిగా అరవాలి. అరిచేదాన్ని. మధ్యాహ్నానికి గొంతు మండేది. సాయంత్రానికి ఎవరో మెడకు తువ్వాలు చుట్టి ముడి బిగించినట్టుండేది. గుటక వేస్తే ఏదో అడ్డం పడ్డట్టే ఉండేది కానీ అన్నం మాత్రం మామూలుగా దిగేది. సెలవు రోజున ఆ బిగుతు జాడే కనిపించేది కాదు. డ్యూటీ ఎక్కిన పూట మళ్ళీ వచ్చేది.

మా మేనమామ చుట్టలు తాగీ తాగీ గొంతు జబ్బుతో పోయాడు. ఆఖరి నెలల్లో పాలు కూడా మింగలేకపోయాడు. నాకదే గుర్తొచ్చేది. ఇంట్లో చెప్పకుండా మిరియాల పాలు తాగాను, లవంగం బుగ్గన పెట్టుకున్నాను, క్షణానికోసారి గొంతు సవరించుకున్నాను. సవరించుకున్నకొద్దీ ఇంకా రాసుకుపోయింది.

ఒకరోజు డ్యూటీ చార్టు దగ్గర నా గొంతు విని మా సూపర్‌వైజరు, "అరవలేనివాళ్ళకి ఈ ఉద్యోగం దేనికమ్మా? ఆఫీసులో ఏదైనా పని ఇమ్మని అర్జీ పెట్టుకోండి" అన్నాడు. వెటకారంగా ఏమీ అనలేదు, జాలిగానే అన్నాడు. ఆ జాలే నాకు కారం రాసినట్టయింది. నాన్న కూలి పనికి వెళ్తూ నన్ను చదివిస్తే, పరీక్ష రాసి తెచ్చుకున్న ఉద్యోగం ఇది. ఎవరో దయతో వేసిన కుర్చీలో కూర్చోవడానికి కాదు.

ఆ సాయంత్రం అద్దం ముందు నోరు తెరిచి చూసుకుంటుంటే మావారు చూశారు. ఆయన గిలకలదిండిలో బోటు ఇంజన్లు బాగుచేస్తారు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండు నెలలు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఉద్యోగం మానెయ్యమంటారని."

"అనేవాణ్ణే" అన్నారాయన. "సరే, ఇప్పుడు అనను. రేపు గుడివాడ వెళ్దాం పద."

గుడివాడలో గొంతు డాక్టరు ఒకావిడ ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నొప్పి కంటే ఆమె ఏం చెబుతుందోనన్న భయమే ఎక్కువ.

"గడ్డ ఏమీ లేదమ్మా" అంది. "గొంతు బాగా ఎండిపోయి ఉంది. అరిచి అరిచి కండరాలు పట్టేశాయి. రాత్రి ఎన్నింటికి తింటారు?"

"డ్యూటీ దిగి పదింటికండి. తినగానే పడుకుంటాను."

"కడుపులో పులుపు పైకి తన్ని గొంతును కాలుస్తోంది. సరే, రోజుకు నీళ్ళెన్ని తాగుతారు?"

"ఒక బాటిలండి. అందులో సగం ఇంటికి తిరిగొస్తుంది."

"దాహం వెయ్యదా?"

"వేస్తుందండి. తాగితే వెళ్ళాలి కదా. వెళ్ళడానికి చోటు లేదు."

ఆమె రాస్తున్న పెన్ను ఆపింది. పద్నాలుగేళ్ళలో ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు. పైకి అన్నాక నాకే ఎంత అన్యాయంగా వినిపించిందో.

ఆమె చెప్పినవన్నీ చిన్న పనులే. అరగంటకోసారి రెండు గుక్కలు తాగాలి. గొంతు సవరించుకోబుద్ధయితే గుటక వెయ్యాలి. భుజాలు, దవడ వదులు చేసి, పెదాలు మూసి మెల్లగా కూనిరాగం తియ్యాలి. అన్నానికీ పడకకీ మధ్య రెండు మూడు గంటలు ఉండాలి. అందుకని తినేది డ్యూటీలోనే పెందలాడే తినెయ్యాలి. "గొంతు బొంగురుపోయి మూడు వారాలకీ తగ్గకపోయినా, ముద్ద దిగకపోయినా, మెడలో గడ్డ తగిలినా, రక్తం పడినా ఆలస్యం చెయ్యకుండా రండి. ఊపిరి ఆడకపోతే మాత్రం వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి" అని కూడా చెప్పింది.

మర్నాటి నుంచి తాగాను. మూడో రోజు బస్సు ఒక చిన్న స్టాండులో ఆగింది. దాని పేరు చెప్పను. ఆడవాళ్ళ మరుగుదొడ్డికి ఎప్పటిలాగే తాళం వేసి ఉంది. తాళంచెవి అక్కడి కంట్రోలరు దగ్గర ఉంటుంది.

"అది వాడట్లేదండి. నీళ్ళు సరిగా రావు" అన్నాడు.

"బకెట్టుతో తెచ్చుకుంటాను. తియ్యండి."

"టైమైంది మేడమ్. బండి తియ్యమనండి."

"తాళం తీసేదాకా నేను రైట్ చెప్పను."

కండక్టరు రైట్ చెప్పందే బస్సు కదలదు. నేను అన్నయ్యా అని పిలిచే మా డ్రైవరు అంతా విని ఇంజను ఆపేశాడు. బస్సులో సణుగుడు మొదలైంది. ఒకాయన కిటికీలోంచి, "మీ సొంత పనికి మమ్మల్ని ఆపుతారేంటమ్మా" అన్నాడు. చెవులు వేడెక్కాయి. గొంతు మళ్ళీ బిగిసింది. అయినా అక్కడే నిలబడ్డాను.

అప్పుడు అవనిగడ్డ ఆసుపత్రికి వెళ్తున్న ఒక ముసలావిడ మెట్లు దిగి నా పక్కకొచ్చింది. "నాకూ వెళ్ళాలి బాబూ. షుగరు మనిషిని" అంది కంట్రోలరుతో. ఆమె వెనక ఇంకో ఇద్దరు దిగారు, తర్వాత కాలేజీ పిల్లలు నలుగురు. ఎవరూ కేక వెయ్యలేదు. వరసలో నిలబడ్డారు, అంతే. ఆయన లోపలికెళ్ళి తాళంచెవి తెచ్చాడు.

బస్సు పావుగంట ఆలస్యంగా కదిలింది. నాకు మెమో వచ్చింది, ఆలస్యానికి కారణం రాసిమ్మని. మావారు మంచి మాటలతో రాయమన్నారు. నేను రెండు వాక్యాలే రాశాను: "నేను నీళ్ళు తాగాను. మరుగుదొడ్డికి తాళం వేసి ఉన్నందున బస్సు ఆలస్యమైంది." క్షమాపణ అనే మాట ఎక్కడా రాయలేదు. సూపర్‌వైజరు చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఇంకోసారి చదివాడు. ఇది పైకి పంపాలా అని అడిగాడు. పంపమన్నాను. హెచ్చరికతో సరిపెట్టారు. నెల తిరిగేసరికి ఆ స్టాండులో తాళం తీశారు, కుళాయి కూడా బాగుచేశారు.

గొంతు పూర్తిగా బాగైందని చెప్పను. ఆలస్యంగా తిన్న రోజున మంట, ఎవరితోనైనా గొడవపడ్డ రోజున బిగుతు ఇప్పటికీ వస్తాయి. వచ్చినప్పుడు భుజాలు దించి, రెండు గుక్కలు తాగి, టికెట్లు కొడుతూనే ముక్కుతో కూనిరాగం తీస్తాను. వింతగా చూసేవాళ్ళను చూడనిస్తాను.

మా దారిలో ఇంకో స్టాండు ఉంది, అక్కడ తాళం వెయ్యడానికైనా ఆడవాళ్ళ మరుగుదొడ్డి లేదు. దాని కోసం అర్జీ నేనే రాశాను. సూపర్‌వైజరు చెప్పిన అర్జీ కాదు. డిపోలో ఉన్న ఆడకండక్టర్లందరూ ఈ వారం దాని మీద సంతకాలు పెట్టారు.