నేను చెరిపేసిన ఇంజన్ నంబరు

పోయిన వారం మా పాత షార్జా దోస్తుల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక వీడియో పెట్టారు. ఎక్కడో చల్లని దేశంలో, ఆసుపత్రిలా మెరిసిపోయే గ్యారేజీలో, చేతులకు నల్ల గ్లౌజులు వేసుకున్న ఒకాయన ఏనాటిదో పాత కారు ఇంజన్ బ్లాకును కడగబోతూ, దాని పక్కన ఒక మూల చిన్న టేపు ముక్క అంటించాడు. వీడియో ఇంకా పదకొండు నిమిషాలు ఉంది. నేను ఆ టేపు దగ్గరే ఆపేశాను. కింద అందరూ బొటనవేళ్ళు పెడుతున్నారు, ఒకడు మన ఉస్తాద్ గుర్తొచ్చాడని రాశాడు, నాకు మాత్రం ఆ రోజంతా ఎవరు పలకరించినా కోపం వచ్చింది.

రెండు వేల ఆరులో నాకు ఇరవై మూడేళ్ళు. హైదరాబాదులో పుట్టి పెరిగినవాణ్ణి, ముషీరాబాద్ గల్లీల్లో స్కూటర్లు విప్పి బిగించిన ధైర్యంతో దుబాయ్ ఎక్కినవాణ్ణి, మాట పడనివాణ్ణి. అప్పట్లో మనలో చాలామంది షార్జా చేరామంటే దుబాయ్ వెళ్ళామనే చెప్పేవాళ్ళం కదా, నేనూ అంతే. మొదటి ఏడాదిన్నర పాత సామాన్ల యార్డులో పనిచేశాను. అక్కడ నేర్పింది ఒకటే విద్య: తుక్కు కింద వచ్చిన ఇంజన్‌ను గ్రైండర్‌తో గీకి, వెండి రంగు కొట్టి, కొత్త పెళ్ళికొడుకులా నిలబెట్టడం. మెరిస్తే అమ్ముడుపోతుంది, మెరవకపోతే ఎండలో పడి ఉంటుంది. లోపల ఏముందో అడిగేవాడు లేడు. రోజుకు ఆరు బ్లాకులు గీకేవాణ్ణి. ఆ చేతి అలవాటుతోనే ఇండస్ట్రియల్ ఏరియాలో ఉస్తాద్ ఉన్న గ్యారేజీకి వచ్చాను.

ఉస్తాద్‌ది కడప పక్క. యాభై దాటిన మనిషి, సన్నగా, మోచేతుల దాకా పాత కాలిన మచ్చలు. అందరూ ఉస్తాద్ అంటే నేను చాచా అనేవాణ్ణి. ఆయన బ్లాకు కడిగే పద్ధతి చూస్తే నాకు ఒళ్ళు మండేది. నూనె పారే సన్నని దారులకున్న బిరడాలన్నీ విప్పాలి, ఒక్కొక్క దారిలో పొడుగు బ్రష్షు దూర్చి డీజిల్‌తో తోమాలి, తర్వాత సబ్బు నీళ్ళు, తర్వాత కంప్రెసర్ గాలి, ఆఖరున సిలిండర్ గోడల్ని తెల్లగుడ్డతో తుడవాలి, గుడ్డ తెల్లగా బయటికి వచ్చేదాకా తుడవాలి, వచ్చిన మరుక్షణం నూనె పట్టించాలి, లేకపోతే ఆ సముద్రపు గాలికి టీ తాగేలోపు తుప్పు ఎక్కుతుంది. వీటన్నిటికంటే ముందు ఇంకొక తంతు. బ్లాకు మీద కంపెనీవాళ్ళు కొట్టిన నంబరు ఉండే చోట కిరసనాయిలుతో బొటనవేలు పెట్టి రుద్ది, దాని మీద పల్చటి కాగితం పరిచి, పెన్సిల్‌తో అడ్డంగా గీసి అచ్చు తీసుకునేవాడు. కాగితం జేబులో పెట్టుకుని, నంబరు మీద మందంగా గ్రీజు పూసేవాడు. పని అయ్యేదాకా ఆ చోటును ఎవరూ ముట్టుకోకూడదు.

ఆ వేసవిలో ఒక అర్బాబ్, అంటే అరబ్బు షావుకారు, తన తండ్రి కారు తెచ్చాడు. తెల్లగడ్డం, మెల్లగా మాట్లాడే స్థానిక పెద్దమనిషి, మనవాళ్ళతో హిందీలోనే మాట్లాడేవాడు. అది నలభై ఏళ్ళ నాటి జర్మన్ బండి, తండ్రి దాన్ని తోలుతుంటే పక్కన కూర్చుని ఎడారి దాటానని చెప్పేవాడు. ఇంజన్ కూడా అప్పటిదే, దాని నంబరు బండి కాగితాల్లో ఉన్నదానితో కలుస్తుంది, పాత బండ్ల లోకంలో ఆ కలవడమే ప్రాణమని ఉస్తాద్ మాకు వివరించాడు. అర్బాబ్ ఇంట్లో అలాంటివి ఇంకో నాలుగు బండ్లు ఉన్నాయట. ఈ ఇంజన్ సరిగ్గా లేస్తే ఉస్తాద్‌ను తన వీసా మీదికి తీసుకుని, ఇంటి వెనకాల గది ఇచ్చి, భార్యను కూడా రప్పిస్తానని మాట ఇచ్చాడు.

ఆ మాట ఉస్తాద్‌కు ఎంతో, మన తరంలో అక్కడ ఉండి వచ్చినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. ఇరవై రెండేళ్ళ దుబాయ్ బతుకులో రెండేళ్ళకోసారి రెండు నెలల సెలవు, అన్నీ కలిపినా ఆ ఇద్దరి కాపురం రెండేళ్ళు నిండదు. అర్బాబ్ గది చూపించి పంపిన రోజు ఆయన డీజిల్ తొట్టి పక్కన కూర్చుని, గదికి వేరే వంటిల్లు ఉండాదబ్బీ, కిటికీ తెరిస్తే నిమ్మచెట్టు కనపడతాది అని మూడుసార్లు చెప్పాడు. సిగ్గుపడుతున్న ఆ వయసు మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

బ్లాకు కడిగే రోజు పొద్దున్నుంచీ నేను ఫోన్‌లోనే ఉన్నాను. అప్పుడే కొన్న మడతపెట్టే కెమెరా ఫోను. ఇంటి దగ్గర తమ్ముడితో ఏదో గొడవ, చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకునే బ్రష్షు తోస్తున్నాను. ఉస్తాద్ గ్రీజు పూసి, ఈ పక్క ముట్టుకోవద్దని చెప్పినప్పుడు ఆఁ ఆఁ అన్నాను. ఏం చెప్పాడో చెవికి ఎక్కలేదు. కాసేపటికి ఆయన వచ్చి ఫోను లాక్కుని పైన అరలో పెట్టేశాడు.

"బ్లాకు కడుగుతాండావా, ఫోన్‌కు లాలి పాడతాండావా? యార్డులో ఇనుము గీకినోనికి ఇంజను పని ఏం తెలుస్తాది లే!"

పాకిస్తానీ పెయింటర్ పగలబడి నవ్వాడు, గ్యారేజీ అంతా నవ్వింది. నా తల తిరిగిపోయింది. మధ్యాహ్నం జుహర్ నమాజుకు ఉస్తాద్ వెళ్ళగానే, వచ్చేసరికి ఇది అద్దంలా మెరవకపోతే చూడు అనుకుని గ్రైండర్‌కు ఇసుక చక్రం బిగించాను. యార్డులో ఎలా గీకేవాణ్ణో అలాగే గీకాను. ఒక మూల గ్రీజు మురికిగా గడ్డకట్టి ఉంది, దాని కింద చిన్న చదునైన గట్టు, దాని మీద అరిగిపోయిన గీతలు. అవేమిటో ఆ కోపంలో తట్టలేదు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. నిజంగానే అద్దంలా మెరిసింది.

ఉస్తాద్ వచ్చి చూసి, ఆ చదును మీద బొటనవేలు పెట్టి రుద్దాడు. ఇంకోసారి రుద్దాడు. నాకు అప్పుడు అర్థమైంది.

గ్యారేజీ మేనేజరు, మేమంతా ముదీర్ అనేవాళ్ళం, కేకలు వేశాడు, తర్వాత తలుపు మూసి చల్లబడ్డాడు. నంబరు అచ్చు కాగితం ఉస్తాద్ జేబులో ఉంది, అంకెలు కొట్టే పంచుల డబ్బా బెంచీ కింద ఉంది, సాయంత్రం అర్బాబ్ వచ్చేలోగా కొట్టేసి కాస్త తుప్పు పట్టించమన్నాడు. నేనూ బతిమాలాను.

"కొట్టేద్దాం చాచా. ఎవడు చూస్తడు? నేనే కొడ్త, నువ్వు నిలబడు చాలు."

"రేపు పోలీసోల్లు భూతద్దం పెట్టి చూస్తే నన్ను పట్టుకోరురా, ఆయప్పను పట్టుకుంటారు. దొంగ ఇంజను అంటారు. వాళ్ళ నాయన బండిని దొంగ బండి జేయమంటావా?"

"మరి నీ గది? చాచీ రావద్దా?"

ఆయన పంచుల డబ్బాను కాలితో బెంచీ కిందికి ఇంకా లోపలికి తోశాడు. నాకు ఆయన మీద కోపం వచ్చింది, అది రాయడానికి ఇప్పుడు సిగ్గేస్తున్నా నిజం. నా తప్పును నాలుగు సుత్తి దెబ్బలతో తుడిచేసే అవకాశం ఉండగా ఈ ముసలాడు ఎందుకు మొండికేస్తున్నాడని పళ్ళు కొరుక్కున్నాను.

సాయంత్రం అస్ర్ నమాజు అయ్యాక అర్బాబ్ వచ్చాడు. ఉస్తాద్ బ్లాకు చూపించి, జరిగింది చెప్పాడు. అర్బాబ్ చాలాసేపు ఆ మెరుపును చూశాడు.

"కిస్‌నే కియా?" అన్నాడు, ఎవరు చేశారని.

ఉస్తాద్ నా వైపు చూడను కూడా చూడలేదు. "మైనే, అర్బాబ్" అన్నాడు, నేనేనని.

నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. నోరు తెరవడానికి కావలసినంత సమయం ఉంది. బయట లారీ ఒకటి వెనక్కి వెళుతూ హారన్ కొడుతోంది, అది ఆగాక చెబుదాం అనుకున్నాను, అది ఆగేలోపు ఉస్తాద్ జేబులోంచి పెన్సిల్ అచ్చు తీసి అర్బాబ్ చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని మడిచి తన పొడుగు చొక్కా, కందూరా జేబులో పెట్టుకుని, ఇంజన్ ఉన్నది ఉన్నట్టు బిగించమని, ఖలాస్ అని వెళ్ళిపోయాడు. తిట్టలేదు. గది మాట మళ్ళీ ఎత్తలేదు.

మూడు వారాల్లో ఉస్తాద్ ఇంజన్ లేపాడు. ఆ నెలలోనే ఆయన వీసా గడువు తీరింది, ముదీర్ కొత్తది కొట్టించలేదు. కొట్టించమని నేనూ అడగలేదు. వెళ్ళే రోజు ఆయన అట్టపెట్టెకు తాడు బిగిస్తుంటే ముడి మీద నేను వేలు పెట్టాను.

"అర్బాబ్ దగ్గరికి పోయి నిజం చెప్త చాచా."

"ఇప్పుడు చెప్పి ఏం జేస్తావబ్బీ? ఇద్దరం పోతాం. ఊరుకో. వేలు తియ్."

ఆ ఊరుకో అన్న మాట కోసమే కాచుకున్నవాడిలా వేలు తీసేశాను.

నాలుగు నెలల తర్వాత అర్బాబ్ తన బండ్లకు మనిషి కావాలని ముదీర్‌ను అడిగాడు. ముసలాయన దగ్గర పని నేర్చినవాడని ముదీర్ నన్ను పంపాడు. వెళ్ళాను. మంచి మనిషి, పన్నెండేళ్ళు పనిచేస్తే ఒక్కసారి గొంతు పెంచలేదు. రెండు వేల ఎనిమిదిలో నాకు పెళ్ళయింది, నా భార్యకు ఆయనే వీసా తీయించి, ఇంటి వెనకాల ఆ గదే ఇచ్చాడు. వచ్చిన మొదటి రోజు ఆమె వంటింటి కిటికీ తెరిచి, ఎవరో మనమీద దయ తలచారు అంది. అర్బాబ్ అన్నాను. ఈనాటి వరకు ఆమెకు అంతే తెలుసు.

ఇప్పుడు అక్కడి గ్యారేజీల్లో మూలమూలకూ కెమెరాలు. బండి లోపలికి రాగానే ఫొటోలు, ఏ బోల్టు ఎవరు విప్పారో కంప్యూటర్లో ఎక్కుతుంది, ఏ తప్పు ఎవరిదో సాయంత్రానికి తేలిపోతుంది. మా గ్రూపులో నా వయసువాళ్ళంతా దాన్ని తిట్టుకుంటారు, మన రోజుల్లో ఇవేవీ లేవు, ఉస్తాద్ నోటి మాటకు ఎంత విలువ ఉండేది అని రోజుకొకడు రాస్తాడు. నేనూ అవునంటాను. ఆ విలువ ఎంతో నాకు తెలిసినట్టు వాళ్ళెవరికీ తెలియదు. నేనే చేశానన్న ఆయన నోటి మాటను ఎవరూ తిరిగి అడగలేదు కాబట్టే ఆ కిటికీ దగ్గర నిమ్మకాయలు కోసుకుంటూ నేనూ నా భార్యా పదేళ్ళు కాపురం చేశాం.